సాయంత్రం ఆరున్నరకు ఎర్ర లైటు

మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయినప్పుడు నేను అంతగా బెదరలేదు. మాట పడిపోయిందని తెలిసినప్పుడు బెదిరాను. నాచారం ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు కరెంటు ప్యానెళ్లు బాగుచేసిన మనిషి. ఇంట్లో ఆయన నోరు ఆగేది కాదు. మిక్సీ చప్పుడు కాస్త మారితే చాలు, వంటింట్లోకి వచ్చి అందులో ఏం అరిగిందో, నేను దాన్ని ఎలా పాడుచేశానో పావుగంట చెప్పేవారు. అలాంటి మనిషి నోట్లో చివరికి ఒక్క మాట మిగిలింది. "అది." నీళ్లు కావాలన్నా అది, నన్ను పిలవాలన్నా అది.

దవాఖానాలో మాట నేర్పే మేడమ్ మొదటి రోజే చెప్పింది. మొదటి ఆరు నెలల్లో ఎంత మాట వస్తే అంత లాభం, ఆ తర్వాత కష్టమవుతుంది, ఒక్క రోజు కూడా మానొద్దు అని. నాలుగు సార్లు ఆటోలో తీసుకెళ్లాను. అయిదోసారి ఉప్పల్ చౌరస్తా దగ్గర ఆటో దిగుతూ ఆయన పడిపోయారు. మోచెయ్యి చీరుకుపోయింది. చుట్టూ జనం మూగారు. ఆ జనంలో ఆయన ముఖం చూశాక, మళ్లీ గడప దాటించే ధైర్యం నాకు చాలలేదు.

"ఫికర్ చెయ్యకండమ్మా, నేను డ్యూటీ దిగినంక రోజు ఆరున్నరకు వీడియో కాల్ల చెప్పిస్త" అని మేడమ్ తనంతట తానే అంది. పరాయి పిల్ల, ఎంత మంచిదో అనుకున్నాను.

మా ఇల్లు సందు చివర, కింది అంతస్తు. ఇంట్లో ఫోన్ సిగ్నల్ ఒక్క గీతే, మామూలు కాల్‌కు సరిపోతుంది, వీడియోకు చాలదు. మేడ మీద దండిగా ఉంటుంది గానీ ఆయన మెట్లెక్కలేరు. అందుకని ఆ వారమే వైఫై పెట్టించాను. లైను వేయడానికి వచ్చిన అన్న గోడ దగ్గర డ్రిల్లింగ్ మిషన్ తీశాడు. గోడలకు రంగులు వేయించి నెల కాలేదు. నాకు మండింది.

"కొత్త గోడకు కన్నం పెడతవా?"

"పెట్టకుంటే వైరు లోపలికెట్ల రావాలమ్మా?"

"కిటికీ లేదా? కండ్లు లేవా నీకు?"

అతను మిషన్ సంచిలో పెట్టేశాడు. సన్నటి నల్ల వైరును కిటికీ మూల నుంచి లోపలికి లాగి, టీవీ పక్కన పెట్టిన వైఫై డబ్బాకు తగిలించి వెళ్లిపోయాడు.

మొదట్లో బాగానే నడిచింది. మేడమ్ కప్పు బొమ్మ చూపిస్తే ఆయన చాలాసేపు పెదాలు కూడదీసుకుని "కప్పు" అన్నారు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. నెల తిరిగేసరికి తొమ్మిది మాటలు వచ్చాయి. వాటిలో నా పేరు లేదు, ఛాయ్ ఉంది. ఆయన సంగతి తెలిసినదాన్ని కాబట్టి తప్పు పట్టలేదు.

వానలు పడ్డాక చెడింది. ఆరున్నరకు కాల్ కలిసేది. మేడమ్ నమస్తే చెప్పేది. రెండు నిమిషాలకు ఆమె ముఖం తెరిచిన నోటితో అలాగే ఆగిపోయేది. డబ్బా మీద పచ్చ లైటు పోయి ఎర్ర లైటు కొట్టుకునేది. నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే డబ్బా ఆపి మళ్లీ వేయమనేవారు. వేసేదాన్ని. మళ్లీ ఎర్ర లైటే. కంప్లైంట్ రాసుకునేవారు. మర్నాడు పదకొండింటికి లైను అన్న వచ్చేసరికి పచ్చ లైటు నిక్షేపంలా వెలుగుతూ ఉండేది. తన ఫోన్‌లో స్పీడ్ చూసి, "మస్తు వస్తుంది కదమ్మా" అని కంప్లైంట్ మూసేసి పోయేవాడు.

సాయంత్రమే ఎందుకు పోతుందని అడిగితే, "అందరు ఇండ్లకొచ్చే టైం గదా, లోడ్ పడ్తది" అనేవాడు. ఒకరోజు స్టేడియంలో మ్యాచ్ ఉందన్నాడు. మ్యాచ్ లేనిరోజు వాన అన్నాడు. వాన లేనిరోజు ఎక్కడో రోడ్డు తవ్వుతున్నారన్నాడు.

నేనూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. టీవీ అడ్డు వస్తోందేమోనని డబ్బాను తీసి స్టూలు మీద పెట్టాను. స్టూలు మీద నుంచి కుర్చీ మీదకు మార్చాను. పైన అద్దెకుండే ఆమె మా వైఫై వాడుకుంటోందని అనుమానం వచ్చింది. మెట్ల మీదే నిలదీశాను. "మాకు మా కనెక్షన్ ఉన్నదక్కా. గిట్ల మాట్లాడితే ఎట్ల?" అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. అయినా కిందికొచ్చి పాస్‌వర్డ్ మార్చాను. ఆ సాయంత్రమూ ఎర్ర లైటే. ఆ తర్వాత ఆమె మా ఇంటికి కూర పంపడం మానేసింది.

దీపం పెట్టే వేళకు వీధి తలుపు తెరిచి, కిటికీలు మూయడం మా ఇంట్లో అలవాటు. తలుపు లక్ష్మి కోసం, కిటికీలు దోమల వల్ల. వానాకాలంలో మా సందు దోమలు మనుషుల్ని ఎత్తుకుపోతాయి. అందుకని ఆయన ఫోన్‌లో కాల్ కలిపి, దాన్ని ఆయన ముందు నిలబెట్టి, దీపం వెలిగించి, కిటికీలు బిగించి వచ్చి ఆయన పక్కన కూర్చునేదాన్ని. నేను కూర్చునేసరికి ఎర్ర లైటు. మా ఆయన ఎడమ చెయ్యి లేపి కిటికీ వైపు చూపించేవారు. "అది, అది" అనేవారు.

"ఉక్కపోస్తుందా?" అని ఫ్యాను పెంచేదాన్ని. ఆయన తల అడ్డంగా ఊపేవారు. మళ్లీ అదే చెయ్యి, అదే మాట. ఒకపక్క మేడమ్ ముఖం ఆగిపోయి ఉంది, కంపెనీవాళ్లు నా ఫోన్‌లో పాట వినిపిస్తున్నారు, ఈయనేమో కిటికీ.

"దోమలొస్తయి, తెరవనంటే అర్థం కాదా మీకు?" అని అరిచేదాన్ని. ఒకరోజు ఆ చేతిని పట్టుకుని ఆయన ఒళ్లో పెట్టాను. మెల్లగా పెట్టలేదు.

కొన్నాళ్లకు ఆయన చెయ్యి లేపడం మానేశారు. నాకు అదొక విసుగు తగ్గింది అనుకున్నాను. ఉన్న తొమ్మిది మాటలూ ఒక్కొక్కటే పోయాయి. నేనే కప్పు పట్టుకుని ఎదురుగా కూర్చుంటే ముఖం తిప్పుకునేవారు.

అయిదో నెల చివర్లో ఒక సాయంత్రం, లైను అన్న ఎదురింటికి కొత్త కనెక్షన్ ఇవ్వడానికి వచ్చాడు. మా ఆయన ముందు ఫోన్‌లో మేడమ్ ముఖం ఆగిపోయి ఉంది. నేను ఊరుకుంటానా, బయటికెళ్లి లైను అన్న చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చాను. "ఇప్పుడు సూడు, నీ మస్తు స్పీడు."

అతను ఎర్ర లైటు చూశాడు. డబ్బా దగ్గర నుంచి వైరు మీద వేలు జరుపుకుంటూ కిటికీ దాకా పోయాడు. రెక్క లాగితే రాలేదు, వానకు చెక్క ఉబ్బి ఉంది. రెండు చేతులా లాగాడు. వెనక పచ్చ లైటు వెలిగింది. మూశాడు, ఎర్ర లైటు. తెరిచాడు, పచ్చ లైటు.

"ఈ వైరు లోపల సన్న గాజు పోగు ఉంటదమ్మా. రెక్క కింద నలుగుతుంది, ఇంకేడికెళ్లి వస్తది నెట్టు? నేను పొద్దుగాల వచ్చేటాళ్లకు మీరు తెరిచి పెడ్తరు. రోజు ఎవరు మూస్తరమ్మా దీన్ని?"

 మా ఆయన వైపు తిరిగాను. ముప్పై ఏళ్లు వైర్లతో బతికిన మనిషి, కుర్చీలో కదలకుండా కూర్చుని, నెట్ చెడిన మొదటి వారంలోనే కనిపెట్టేశారు. నాకు చెప్పారు కూడా, తనకు చేతనైనట్టు, రోజూ చెప్పారు. ఆయనకు వచ్చిన తొమ్మిది మాటల్లో కిటికీ లేదు. అంతే తేడా.

మర్నాడు గోడకు కన్నం పెట్టించాను. రంగు పెచ్చులూడి కింద పడుతుంటే నేనే చీపురు పట్టుకుని ఎత్తాను. ఆరున్నరకు కాల్ కలిసింది. పావుగంటయినా బొమ్మ ఆగలేదు. మేడమ్ కప్పు చూపించింది. ఆయన చూశారు, పెదాలు కదపలేదు. అరటిపండు చూపించింది. తాళంచెవి చూపించింది. "ఒక్కసారి అనండి అంకుల్, మీకు వచ్చు కదా" అని బతిమిలాడింది. చివరికి నన్ను అడిగింది. "ఏమైందమ్మా? మొదట్ల మంచిగనే అనేవారు."

చెప్పాను. కిటికీ సంగతి, చెయ్యి సంగతి, ఆ చేతిని నేనేం చేశానో ఆ సంగతి, అన్నీ ఆయన ముందే చెప్పాను. తప్పు నాదే మేడమ్, ఆయన మాట నేనే పోగొట్టాను అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. అవతల మేడమ్ ఏమీ అనకుండా అలా చూస్తూ ఉండిపోయింది. నెట్ పోయిందేమోనని డబ్బా వైపు చూశాను. పచ్చగానే ఉంది.

మా ఆయన ఎడమ చెయ్యి చాచి, నా వైపు చూడకుండా, కాల్ ఆపేశారు.