వణుకుల గుడి

దువ్వాడ స్టేషనులో దిగి కొండదిబ్బపాలెం దారి అడిగితే, "వణుకుల గుడి ఉంది సూడండి, ఆ ఊరేనా?" అని ఎదురడిగేవాళ్లు. అందులో ఆరాధన చేసుకునేవాళ్లకు ఆ పేరంటే ఒళ్లు మండేది. వాళ్లకది ప్రార్థన మందిరం. చూసినవాళ్లను తప్పుపట్టడానికీ లేదులెండి. శిలువ లేదు, గంట లేదు, పటం లేదు. తాటాకు కప్పు, సున్నం గోడలు, ఆడవాళ్లకో తలుపు, మగవాళ్లకో తలుపు, నడుమ స్తంభమన్నదే లేని మట్టినేల. ఆదివారం పాట అందుకుని, చప్పట్లు కొడుతూ, అడుగులు వేస్తూ ఉండగా ఒకరికో ఇద్దరికో ఒళ్లంతా వణుకు దిగేది. అది దేవుడు తాకడమని వాళ్ల నమ్మకం. పూనకం అన్నారో, సంఘపెద్ద దయానందం చొక్కా చేతులు పైకి మడిచేవాడు. పోర్టులో కళాసీ ఆయన. మడిచాడంటే ఎదుటివాడు మాట మార్చేసేవాడు.

ఆ మందిరం కట్టించింది చిలకమ్మ అనే ముసలామె. చలిజ్వరంతో పోయేదల్లా ప్రార్థనలో వణికి వణికి లేచి కూర్చుందట. చలిజ్వరమైతే వణక్క ఏం చేస్తారని నవ్వేవాళ్లు నవ్వారు, నమ్మేవాళ్లు నమ్మారు. ఆవిడ పెట్టిన కట్టుబాటు మాత్రం గట్టిది. "రాని వణుకు తెచ్చుకున్నోళ్లు ఏడాది పాటు గోడకాడ కూకోవాల. పాడొచ్చు. అడుగెయ్యకూడదు."

ఆరోగ్యమ్మ ఆ చిలకమ్మ కోడలే. తెల్లారకముందే ఫిషింగ్ హార్బరులో చేపలు కొని, రైల్లో తెచ్చి దువ్వాడలో అమ్మేది. మందిరం నేల నడుమ అడుగుల తాకిడికి గుంట పడుతుంటే, శనివారం శనివారం మట్టి మెత్తి అలికేదీ ఆమే. వణుకు కూడా ముందు ఆమెకే వచ్చేది. భర్త దేవకుమార్ పోయాక అది ఆగిపోయింది. ఎవరికి చెప్పుకుంటుంది? అందరితోపాటు చప్పట్లు కొట్టేది, అడుగు వేసేది. దేవుడు తనను మరిచిపోయాడేమోనని లోలోపల కుమిలిపోయేది.

డెబ్బైలలో ఉక్కు ఫ్యాక్టరీ కోసం భూములు తీసుకోవడం మొదలైంది. ఊరు లేచిపోవాలి. ఇళ్లవాళ్లకు కొత్త కాలనీలో స్థలాలిస్తారు, గుళ్లకూ చర్చీలకూ ఇస్తారు. మరి ఇది గుడా, చర్చా, పాకా? కొలతలకు వచ్చిన సర్వేయరు వీర్రాజు గోదావరి జిల్లా మనిషి, మెత్తనివాడు. బయటి నుంచే టేపు పట్టి కొలిచి, బుర్ర గోక్కున్నాడు.

"శిలువన్నా లేదు కదండీ, ఏమని రాయమంటారు? పాకని రాస్తే స్థలం రాదండి. బుధవారం వస్తాను. మీరు ఆరాధన ఎలా చేసుకుంటారో ఓసారి చూపించండి."

ఆయన అటు వెళ్లగానే దయానందం ఆరోగ్యమ్మ దగ్గరికి వచ్చాడు.

"నువ్వు ఒక్కర్తివి వణికితే సాలమ్మా. మందిరం మనకి దక్కుద్ది."

"రాకపోతే ఏటి సేద్దాం, అన్నయ్యా?"

"నీకు రాకపోడమేటి! సిలకమ్మ కోడలివి!"

రావడం లేదని ఇప్పుడు చెబితే ఇన్నాళ్లూ ఎందుకు దాచావంటారు. చెప్పకపోతే బుధవారం అందరి ముందూ కొయ్యలా నిలబడాలి. ఆ నాలుగు రోజులూ మెతుకు సహించలేదు. చేపల బుట్ట ముందు కూర్చుని బేరం మరిచిపోయి, "ఏటి సూత్తన్నావ్, మాటాడవేటి?" అని తిట్లు తింది. శనివారం నేల అలకడానికి చేతులే ఆడలేదు, గుంట అలాగే వదిలేసింది. దేవుణ్ణి బతిమాలింది. పోట్లాడింది కూడా.

బుధవారం వచ్చింది. వీర్రాజు గడపలో నిలబడ్డాడు. పాట మొదలైంది. ఆరోగ్యమ్మ నడుమకు వచ్చి కళ్లు మూసుకుంది. ఒక చరణం అయింది. ఏమీ లేదు. రెండో చరణమూ అయిపోయింది. దయానందం గొంతు పెంచాడు. అయ్యో, నా వల్లే పోతోందే, అత్త కట్టిన మందిరం నా వల్లే పోతోందే అనుకునేసరికి ఆమె మోకాళ్లు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. చేతులకు పాకింది. గాజులు గలగలమన్నాయి. పళ్లు కూడా టకటకలాడాయి.

"వచ్చింది! వచ్చింది!" అంటూ ఆడవాళ్లు ఏడ్చేశారు. కళ్లు తెరిచేసరికి వీర్రాజు చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

స్థలం వచ్చింది. ఆరోగ్యమ్మకు మాత్రం కంటిమీద కునుకు కరువైంది. తనది భయం వణుకని ఆమెకు తెలుసు. కట్టుబాటు ప్రకారం ఆ ఆదివారమే గోడ దగ్గర కూర్చోవాలి. కూర్చుంటే మందిరం అబద్ధం మీద నిలిచిందని తేలిపోతుంది, స్థలం వెనక్కి లాక్కుంటారేమో! కొత్త మందిరం లేవడానికి ఏళ్లు పట్టింది. పునాదిలో నీళ్లు ఊరినా, గాలికి రేకు లేచిపోయినా, నా పాపమే అని వణికిపోయేది. చూసినవాళ్లు, "ఆరోగ్యమ్మకి ఎంత బాగ్గెం, ఎప్పుడూ దేవుడు తాకుతానే ఉంటాడు" అనేవాళ్లు. అదొకటి!

ఎనభైలలో కొత్త మందిరం తెరిచారు. రేకుల కప్పు, సిమెంటు నేల, తలుపులు మాత్రం రెండు. పిలిస్తే వీర్రాజు కూడా వచ్చాడు, జుట్టు నెరిసింది. ఆయన్ను చూడగానే ఆరోగ్యమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఇక దాచుకోలేకపోయింది.

"బాబూ, ఆ రోజు నాది దేవుడి వణుకు కాదు. బయం. మీరు నన్ను సూసి రాసీసినారు. తప్పు నాది. స్తలం మాత్రం తీసీసుకోకండి బాబూ."

వీర్రాజు తెల్లబోయాడు.

"మిమ్మల్ని చూసి రాయడమేంటండీ! మీరు పాట మొదలెట్టకముందే రాసేశాను. గడపలోకి రాగానే ఆ నేల చూశాను. నడుమంతా గుంట పడిపోయి ఉంది. ఎంతమంది ఎన్నేళ్లు అడుగులేస్తే అలా అరుగుతుందండీ? ఆ మాట చెప్పి వెళ్దామనుకునేలోగా మీరు పాట ఎత్తుకున్నారు, ఆ వెనకే వణకడం మొదలెట్టారు. ఆపమనడానికి మొహమాటమేసింది."

ఇన్నేళ్ల దిగులు, ఎందుకూ కాని దిగులు! ఆరోగ్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, ఏడ్చింది.

లోపల పాట అందుకున్నారు. అందరూ నడుమకు కదిలారు. ఆరోగ్యమ్మ నేరుగా వెళ్లి గోడకు చేరగిలబడి కూర్చుంది.

దయానందం పాట ఆపేశాడు. "ఏటమ్మా, అక్కడ కూకున్నావు?"

"అత్త మాట ఉంది గదా అన్నయ్యా. ఏడాది ఆగి వత్తాను. మీరు అడుగెయ్యండి."

ఆయనకు అర్థమైందో లేదో, పాట మళ్లీ ఎత్తుకున్నాడు. అందరికంటే గట్టిగా పాడింది ఆరోగ్యమ్మే. పాడుతూ పాడుతూ ఒళ్లో ఉన్న చేతుల వైపు చూసుకుంది. వణకడం లేదు.