పారువేట తొలి మోత

మా చిన్నప్పుడు... డెబ్బైల చివర్లో, దసరా మరుసటి రోజు పొద్దు గుంకే వేళకు, మా చిన్నాయన ఓబులేసు ఎడమ చేతి వేళ్లు మూడు పోయాయి. తుపాకి గొట్టం అతుకు దగ్గర పగిలింది. నేను చూశాను.

మాది బెళుగుప్ప దగ్గర ఒక పల్లె. దసరా మరుసటి రోజు స్వామిని పల్లకిలో ఊరి బయటికి వేటకు తీసుకెళ్తారు. పారువేట అంటారు. వేట పేరుకే... ఆకాశంలోకి తుపాకి ఒకసారి పేలితే పల్లకి లేస్తుంది. ఆ తొలి మోత మా ఇంటి హక్కు. మా తుపాకి మోగకపోతే హక్కు పై వీధి మారెప్పకు పోతుంది. మారెప్ప మాకు దాయాది. ఆయన ఇంట్లోనూ ఒక తుపాకి ఉండేది. అది మంచిది.

మాది మా తాత, జేజినాయన కాలం నాటిది. మూతిలోంచి మందు పోసి, గుడ్డపీలికలు కూరి, కడ్డీతో దట్టించే రకం. లైసెన్సు నాయన పేరు మీద ఉండేది, కాల్చేది మాత్రం చిన్నాయన. ఆ ఏడు అటక మీద నుంచి దించితే గొట్టం మీద నెర్ర కనిపించింది. టౌనులో ఒకాయన ఇత్తడి కరిగించి పోసి అతికాడు. ఆకురాయితో నున్నగా రాకి ఇచ్చాడు. సన్నటి పసుపు గీత కనబడేదే తప్ప, వేలితో తడిమితే అతుకు తెలిసేది కాదు.

దీన్ని పేల్చవచ్చా, లేదా... ఇంట్లో అదే మాట.

నాయన తొందర మనిషి కాదు. పరీక్ష చేద్దామన్నాడు. కళ్లంలో ఎద్దులబండి చక్రానికి తుపాకిని పగ్గాలతో బిగించి కట్టారు. మామూలుగా పోసేదానికి రెట్టింపు మందు పోశారు. మీటకు పొడుగాటి తాడు కట్టి అందరం రాళ్లగోడ వెనక్కి వెళ్లాం.

"గుంజేదా అన్నా?" అన్నాడు చిన్నాయన.

"ఉండ్రా... పిల్లోల్ల తలకాయలు కిందికి వంచండి ముందు" అంది జేజి, మా నాయనమ్మ.

గుంజాడు. కాకులన్నీ లేచాయి. గొట్టం నిలిచింది.

"సూస్తివా అన్నా! రెట్టింపు మందు మింగినా చెక్కు చెదరల్యా. మారెప్పన్నకు ఈ పొద్దు కూడు దిగదు" అని చిన్నాయన గంతులేశాడు.

జేజి గొట్టం చుట్టూ వేలు తిప్పి చూసింది. అతుకు దగ్గర వేలికి నల్లగా అంటింది.

"ఓబులేసూ, ఈడ మసి ఉండాది సూడు. లోపలి పొగ బయటికెట్లా వచ్చె?"

"మందు పోసేటప్పుడు ఒలికింటాదిలేమా."

"ఒలికింది మసి అయితాదేమిరా?"

నాయన తుపాకి తీసుకుని తువ్వాలుతో తుడిచాడు. మరక పోయింది. "రెట్టింపుకే నిల్చినాది. మామూలు మందుకు యామయితాదిమా?" అన్నాడు. ఆ మాట అందరికీ సరిగ్గానే అనిపించింది.

"ఈ ఏడు మారెప్పనే కాల్చనీండ్రా. వాడేమన్నా పరాయోడా?" అంది జేజి.

"పరాయోడైతే ఇచ్చేటోల్లమేలేమా... దాయాదికెట్లా ఇస్తాం?" అన్నాడు చిన్నాయన. ఇంటిల్లిపాదీ నవ్వారు. జేజి నవ్వలేదు.

పారువేట నాడు మారెప్ప తన తుపాకి భుజాన వేసుకుని వచ్చి పక్కనే నిలబడ్డాడు.

"ఏమప్పా ఓబులేసూ, అతుకుల తుపాకి అరుస్తాదా, తుమ్ముతాదా?"

"చెవులు మూసుకోన్నా. మల్ల వదిన కూటికి పిల్చినా ఇనపడదు నీకు."

చిన్నాయన మామూలు మందే పోశాడు. ఎడమ చెయ్యి గొట్టం కింద పెట్టాడు. తుపాకిని అక్కడే పట్టుకోవాలి. అతుకూ అక్కడే ఉంది.

పేలింది. మోత ఎప్పటిలాగే వచ్చింది. చిన్నాయన తన చెయ్యి చూసుకుని "నాకేం కాల్యా" అన్నాడు. తర్వాత కింద కూర్చున్నాడు. మారెప్ప తన తలగుడ్డ చింపి చేతికి చుట్టాడు. తన బండే కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

పల్లకి ఇంకా కిందే ఉంది. పగిలిన తుపాకిని పేలినట్టు లెక్కించాలా, వద్దా అని పెద్దమనుషులు మాట్లాడుకున్నారు.

"మోగిందా, ల్యాదా?"

"మోగింది."

"ఇంగేంది మల్ల? హక్కు ఓబులేసోల్లదే. లేపండప్పా."

పల్లకి లేచింది. మేళం మొదలైంది. మోసేవాళ్లు నేల మీది రక్తం తొక్కకుండా పక్కగా నడిచారు.

ఆ రోజు మా ఇంట్లో ఎవరైనా ఏడ్చినట్టు నాకు గుర్తులేదు. మా నాయనను జేజి ఆ తర్వాత కూడా ఒక్క మాట అనలేదు.

రిపోర్టరునయ్యాక, పోలీసుల తుపాకులు బాగుచేసే ఒకాయనను ఈ సంగతి అడిగాను. "అతికిన గొట్టాన్ని పేల్చి పరీక్ష చెయ్యకూడదు సార్. అతికేటప్పటి వేడికే ఇనుము బలం తగ్గి ఉంటుంది. రెట్టింపు మందుకు నెర్ర లోపల ఇంకా సాగి ఉంటుంది. నిలిచిందంటే ఆ ఒక్కసారికి నిలిచిందని" అన్నాడు. అంటే గొట్టాన్ని సగం చీల్చింది మా పరీక్షే. మసి ఆ చీలిక లోంచి వచ్చింది.

నాయనకు చెప్పాను. ఆయన వేరుశెనగ కాయలు ఒలుస్తున్నాడు. "ఔనా" అని మళ్లీ ఒలుచుకున్నాడు.

ఇప్పుడు మా ఊళ్లో తుపాకులు లేవు. పల్లకి ట్రాక్టరెక్కింది... మోతకు బదులు పెద్ద పటాసు కాలుస్తారు. మారెప్ప పోయాడు, పోటీకి ఎవరూ లేరు. హక్కు మాత్రం ఇంకా మా ఇంటిదే. మీ వైపు పారువేట ఎలా మొదలయ్యేదో, ఎవరి ఇంటి హక్కో గుర్తుంటే రాయండి... అడిగి తెలుసుకోవడానికి ఆనాటి మనుషులు ఎక్కువమంది మిగల్లేదు.

మా ఊళ్లో ఈ ఏడు వచ్చే శుక్రవారం, సాయంత్రం ఐదింటికి. పటాసు చిన్నాయనే వెలిగిస్తాడు. వత్తి పొడుగ్గా ఉన్నది చూసి తెమ్మని నిన్న నాకు ఫోన్ చేశాడు.