చెయ్యి పెట్టకుండా విడిపోయే డబ్బాలు

మొన్న మనవరాలి నిశ్చితార్థానికి చీర కొందామని సూరత్ రింగ్ రోడ్ మార్కెట్‌కు వెళ్ళినప్పుడు, దుకాణంవాడు ఆ చీరను అట్టపెట్టెలో పెట్టి మూత వదలగానే అది దానంతటదే టక్కున మూసుకుంది. మూత అంచులో చొక్కా గుండీ కన్నా చిన్న అయస్కాంతం ఉంటుంది. మా కోడలికి అది ముచ్చటగా తోచి రెండుమూడు సార్లు తెరిచి మూసింది. నేను మాత్రం మూత అంచును వేలితో తడిమి చూశాను. అదే మార్కెట్‌లో ప్యాకింగ్ పని చేసిన రోజుల్లో, నలిగిపోయిన పెట్టెల నుంచి అలాంటి అయస్కాంతాలను ఊడదీసి, జేబులో వేసుకుని మా అన్నకు తీసుకుపోయేవాణ్ణి.

అన్నా నేనూ సిరిసిల్ల పక్కనుంచి సూరత్ వచ్చి లింబాయత్‌లో పదిమంది ఉండే గదిలో చేరిన కాలం ఇక్కడి తెలుగువాళ్ళైన మీలో చాలామందికి తెలిసిన కాలమే. ఒకరు మగ్గాల మీదికి పోతే ఇంకొకరు వచ్చి అదే చాప మీద పడుకునేవాళ్ళం. అన్నకు మగ్గాల మోత పడలేదు. హజీరా వైపు ఒక కంపెనీలో, గూడ్సు బండ్లు లోపలిదాకా వచ్చే చోట, ఠేకేదారు అనే కాంట్రాక్టరు కింద జెండా ఊపే పనికి కుదిరాడు. పక్క ఊరివాడైన అతని దోస్తు కూడా అక్కడే చేరాడు. ఆ దోస్తు పని రెండు గూడ్సు డబ్బాల మధ్యకు దూరి, వాటిని కలిపి ఉంచే కొక్కేన్ని చేత్తో విప్పి బయటికి రావడం. అతను బయటికి వచ్చాక అన్న జెండా ఊపితే ఇంజను కదిలేది. సెలవునాడు ఇద్దరూ నన్ను డుమస్ సముద్రతీరానికి తీసుకుపోయి టమాటా భజియాలు తినిపించేవాళ్ళు. సముద్రం చూస్తూ మా అన్న నవ్వినంతగా నవ్విన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఒక వానాకాలం పొద్దున ఇంజను కదిలింది. దోస్తు ఇంకా డబ్బాల మధ్యే ఉన్నాడు, అక్కడే ప్రాణం పోయింది. మాకు తెలిసింది అంతే. తొందరపడి చెప్పకుండా లోపలికి దూరాడని కంపెనీవాళ్ళు అన్నారు.  అన్న మళ్ళీ ఆ పనికి పోలేదు, ఒక మగ్గాల షెడ్డుకు కాపలాదారుగా కుదిరాడు. దోస్తు భార్య చంటిబిడ్డతో ఇక్కడే ఉండిపోయి, ఇంట్లో కూర్చుని చీరల దారాలు కత్తిరిస్తూ బతికింది. అన్న ఆమెను చెల్లె అని పిలిచేవాడు, బియ్యం మోసుకుపోయి గడపలో పెట్టి వచ్చేవాడు. ఆమె బతుకమ్మకు మా ఇంటికి వచ్చి కూర్చునేది గాని నీళ్ళ గ్లాసు ముట్టేది కాదు. ఏదో మొక్కు ఉందేమోనని మా వదిన అనుకునేది.

ఎన్నో ఏళ్ళు గడిచి, మోకాళ్ళు పట్టేసి అన్న ఇంటిపట్టున ఉన్నప్పుడు, పాతసామాన్ల సంతలో ఒక బొమ్మరైలు కొన్నాడు. ముసలితనంలో ఈ సరదా ఏమిటని వదిన మొదట నవ్వింది, తర్వాత నవ్వడం మానేసింది. అతనికి రైలు నడవడంతో పని లేదు. ఒక చోటికి వచ్చాక డబ్బాలు ఎవరి చెయ్యీ తగలకుండా విడిపోవాలి, అంతే. తీగతో చిన్న కొక్కేలు వంచి, వాటికి కిందికి వేలాడే ఇనుప తోకలు పెట్టాడు. పట్టాల పక్కన నేను తెచ్చిన అయస్కాంతం అతికిస్తే అది తోకను పక్కకు లాగి కొక్కేన్ని తెరవాలి. కానీ అంత చిన్న బిళ్ళే అయినా చక్రాల ఇనుప ఇరుసును కూడా లాగేసేది. డబ్బా గుంజుకుని అక్కడే ఆగిపోయేది. నెలల తరబడి ఇదే తంతు. చివరికి ఇరుసులన్నీ తీసి అయస్కాంతానికి అంటని ఇత్తడివి వేశాడు. ఆ రోజు రైలు వచ్చి, ఆగి, కాస్త వెనక్కి జరిగి ముందుకు పోతే వెనక డబ్బా మెత్తగా విడిపోయి నిలబడింది. నేను చప్పట్లు కొట్టాను. అన్న తలెత్తలేదు. చెల్లెను పిలుచుకు రమ్మన్నాడు.

ఆమె ఆదివారం మధ్యాహ్నం కూతురితో వచ్చింది. అన్న ఆమెను పట్టాలు బిగించిన చెక్క ముందు కూర్చోబెట్టి రైలు నడిపాడు.

“చూసినవా చెల్లె, చెయ్యి పెట్టకుంటనే ఊడుతది. లోపలికి మనిషి పోయే పనే లేదు.”

“గిది చూపెట్టనీకే పిలిచినవా అన్నా?”

అన్న రైలును ఆపేశాడు. తర్వాత అన్నాడు: “ఆ దినం వాడు చెప్పకుంట పోలేదు. నాకు చెప్పే పోయిండు. బయటికొచ్చిండనుకొని, చూడకుంటనే నేను జెండ ఊపిన.”

వదిన చేతిలో నీళ్ళ చెంబు అలాగే ఉండిపోయింది. దోస్తు భార్య మాత్రం ఉలిక్కిపడలేదు.

“నాకెరుకే. ఇంజన్ డ్రైవర్ అప్పుడే ఇంటికొచ్చి చెప్పిండు. నీ నోట ఎప్పుడు వింటనా అని చూసిన. మీ ఇంట్ల నీళ్ళు గూడ తాగలే, నువ్వు ఒక్కనాడన్న ఎందుకని అడిగినవా?”

అన్న రెండు చేతులూ జోడించాడు. ఆమె వాటిని చూసి, కూతురి భుజం పట్టుకుని లేచింది. “బిడ్డె పెండ్లీడుకొచ్చింది అన్నా. శానా ఆలిశమైంది” అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

చెప్పేస్తే బరువు దిగుతుందని అన్న అనుకున్నాడేమో. దిగలేదు. ఆ చెక్కను గోడవైపు తిప్పి పెట్టి, మళ్ళీ ముట్టుకోలేదు. అన్నం సగంలో వదిలేసి లేచేవాడు. బియ్యం నేను తీసుకుపోతే వాళ్ళ గదికి తాళం ఉంది. కూతురికి సూరత్ దగ్గరి కిమ్‌లో ఏదో కంపెనీలో పని దొరికిందని, ఇద్దరూ అటు వెళ్ళారని పక్కింటివాళ్ళు చెప్పారు. మరుసటి చలికాలంలో అన్న పోయాడు. ఆ వెనకే వదిన.

అప్పట్లో లింబాయత్‌లో ఏ చాయ్ బండి దగ్గర నిలబడి ఊరి పేరు చెప్పినా, ఆ ఊరివాడు ఏ గదిలో ఉన్నాడో, పగలా రాత్రా, ఏ పాళీలో ఉన్నాడో చెప్పి చేయిపట్టి తీసుకుపోయేవాళ్ళు. ఇప్పుడు మగ్గాల షెడ్లు చాలామటుకు అమ్ముడుపోయాయి, మనవాళ్ళు చెదిరిపోయారు, పిల్లలు గుజరాతీలో మాట్లాడుకుంటున్నారు. కిమ్ వెళ్ళి రెండుసార్లు వెతికాను. కంపెనీ గేట్ల దగ్గర కుర్రాళ్ళు ఫోను నంబరు ఉందా కాకా అని అడిగారు. లేదన్నాక ఇక వాళ్ళకు అడగడానికి ఏమీ లేదు. అన్న పోయాడని ఆమెకు చెప్పవలసినవాణ్ణి ఇక నేనొక్కణ్ణే మిగిలాను. ఆమె ఏ వీధిలో ఉందో తెలియదు, అసలు ఉందో లేదో కూడా తెలియదు.