పాట అయిపోయాక మోగిన డ్రమ్ములు

మొన్న శనివారం సాయంత్రం దీపం పెట్టి గంట కొట్టాను. హాల్లో అన్న నా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. ప్రతి శనివారం కర్మన్‌ఘాట్‌లో హనుమంతుడి దర్శనం చేసుకుని, ఎల్బీనగర్‌లోని మా ఇంటికొచ్చి, అన్నం తిని పోతాడు. గంట వినపడగానే వెనక్కి తిరగకుండానే, కూర్చున్నచోటే రెండు చేతులూ జోడిస్తాడు. ఏళ్లనాటి అలవాటు. మొన్న జోడించలేదు. ఇంకోసారి కొట్టాను, కాస్త గట్టిగా. చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి. వేళ్లు మాత్రం ఏదో దరువు వేస్తున్నాయి.

హారతి పళ్లెం ముందుకు తీసుకెళ్తే ఉలిక్కిపడ్డాడు.

"ఏందే, ఇయ్యాల గంట కొట్టలే?"

"మర్చిపోయిన అన్నా," అన్నాను.

హారతి కళ్లకద్దుకున్నాడు. నేను వంటింట్లోకి పోయి పొయ్యి దగ్గర ఊరికే నిలబడ్డాను. ఆ వేళ్లు వేస్తున్న దరువు నాకు తెలుసు.

చిన్నప్పుడు నాకు ఉబ్బసం. దిల్‌సుఖ్‌నగర్ దుమ్ముకి బడికి పోయిన రోజుల కంటే దవాఖానకు పోయిన రోజులే ఎక్కువ. అయిదో తరగతి తర్వాత బడి మాన్పించి ఇంట్లోనే చదివించారు. లెక్కలు నాయిన చెప్పేవాడు, తెలుగు అమ్మ చెప్పేది. ఇంగ్లిషు అన్న వంతు. అన్నకు పాఠ్యపుస్తకాల మీద నమ్మకం లేదు. విదేశీ రాక్ పాటల క్యాసెట్ల అట్టల్లో మడతపెట్టి ఉండే సన్న అక్షరాల కాగితం విప్పి, ఒక్కో చరణం చదివించేవాడు. అందుకే ఇంగ్లిషులో నాకు మొదట వచ్చిన మాటలు చీకటి, తుఫాను, ఆఖరి రైలు, వీడ్కోలు. ఆకలేస్తోందని చెప్పడం ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది. ఆ చదువుకు నేను ఇప్పటికీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. బడి లేని పిల్లకు లోకం అంత దూరం నుంచి ఇంటికి రావడం చిన్న భాగ్యమా?

మెల్లగా మొదలై, గిటారు ఒక్కటే నడిచి నడిచి, ఒకచోట డ్రమ్ములు వచ్చి మీద పడే పాటలంటే నాకు ఇష్టం. అవి పడేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. గుడిలో తెర తీసే ముందు అందరూ మాటలాపి నిలబడతారే, అలాంటి క్షణం. తెర వెనక ఉన్నది దేవుడని గుడిలో తెలుసు. ఈ పాటల్లో ఏముందో తెలిసేది కాదు. ఆ భయం కూడా బాగుండేది.

అన్న డ్రమ్ములు వాయించేవాడు. మా పక్క వీధిలో ఉండే స్నేహితుడిది గిటారు. వాళ్లు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మరో ఇద్దరు కాలేజీ వాళ్లతో కలిసి బ్యాండు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ పక్కన, ఒక గోదాము మీది గది కిరాయికి తీసుకున్నారు. కింద లారీలు, వేలంపాటలు, హమాలీల కేకలు. పైన వీళ్లు ఎంత మోగించినా అడిగేవాడు లేడు. రేకుల కప్పు, మూసిన కిటికీలు, మాగిన మామిడి వాసన. ఆ గదిలో శబ్దం బయటికి పోయే దారి లేక గోడకూ గోడకూ కొట్టుకుని మళ్లీ వీళ్ల మీదే పడేది. అప్పట్లో అది ఎవరికీ తప్పుగా తోచలేదు.

ప్రోగ్రాములకు పోవాలంటే అమ్మ ఒకటే షరతు పెట్టింది.

"చెల్లెను తోల్కపోతనంటెనే పో. లేకుంటె ఇంట్ల పడుండు."

"గాడ అంత మొగపోరగాండ్లు ఉంటరమ్మా!"

"అందుకే చెప్తున్న. చెల్లె పక్కకుంటె బుద్ధిగ ఉంటవ్."

అలా నేను రాక్ ప్రోగ్రాములకు పోయాను, అన్నకు కాపలాగా, టిఫిన్ డబ్బా పట్టుకుని. బయల్దేరేముందు అమ్మ దీపం వత్తుల పత్తిలోంచి రెండు ఉండలు చేసి నా చెవుల్లో పెట్టేది. అన్నకు పెట్టబోతే తల పక్కకు తిప్పేవాడు. "పత్తి పెట్టుకోని డ్రమ్స్ వాయిస్తే నవ్వుతరే!"

స్టేజీ వెనక, పెద్ద బాక్సులకు ఆవలి వైపు, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేదాన్ని. వినాయకచవితికి మండపాల్లో పెట్టే బాక్సులే ఇవీ, అద్దెకిచ్చే మనిషీ ఆయనే. స్టేజీ ముందు కోచింగ్ సెంటర్ల కుర్రాళ్లు వందలమంది తలలూపుతూ, ఒకరి మీద ఒకరు పడుతూ ఉండేవారు. చీకట్లో వాళ్ల ముఖాలు కనిపించేవి కావు. ఒక గుంపు ఒక్కసారి ముందుకు తూలితే, అన్నను మింగేస్తారేమోనని కుర్చీ అంచు పట్టుకునేదాన్ని. కానీ పెద్ద డ్రమ్ము మొదలయ్యాక నేల నుంచి కుర్చీ కాళ్లలోకి, అక్కణ్ణుంచి నా పక్కటెముకల్లోకి ఒక అదురు వచ్చేది. గాలి ఆడని నా ఛాతీ తలుపులెవరో లోపలి నుంచి తట్టినట్టుండేది. హనుమంతుడి పేరు తలచుకుంటూ వినేదాన్ని. ఎవరికైనా చెబితే నవ్వేవాళ్లు. నాకు మాత్రం అందులో ఏ తేడా కనిపించలేదు.

ఒకరోజు సాయంత్రం ప్రాక్టీసు నుంచి వచ్చి అన్న గుమ్మంలోనే చెప్పాడు. "అమ్మా, కుక్కర్ కూస్తున్నది, దించు."

అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. పొయ్యి వెలిగించనే లేదు.

"ఆకలైతె అట్లనే ఇనవడ్తది బిడ్డా," అని నవ్వింది. అన్న కూడా నవ్వాడు. కానీ అన్నం తినేటప్పుడు మధ్యమధ్యలో వంటింటి వైపు చూస్తూనే ఉన్నాడు.

అన్న చెవుల్లో ఆ కుక్కరు కూత ఇక ఆగలేదు. పడుకునేటప్పుడు రేడియో సన్నగా పెట్టుకుంటే గాని నిద్ర పట్టేది కాదు. చెవి పక్కన దోమ గుయ్యిమన్నా కొట్టుకునేవాడు కాదు. నాయిన వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు.

"చూసినవా నీ కొడుకును? నాలుగు సప్పట్లకే నెత్తికెక్కింది. నాయిన పిలిస్తె గూడ పలుకడు!" అని నాయిన అమ్మ మీద అరిచాడు.

"పొగరు కాదు నాయినా, ఇనవడ్తలేదేమో," అన్నాను.

"గంత పెద్దగ డప్పులు ఇనవడ్తయ్, నేను ఇనవడనా?"

అమ్మ మాత్రం నా మాట పట్టుకుంది. నూనెలో వెల్లుల్లి వేసి కాచి, చల్లార్చి చెవుల్లో పోసింది. మంగళవారాలు కర్మన్‌ఘాట్ తీసుకెళ్లి ప్రదక్షిణలు చేయించింది. దిష్టి తగిలిందని ఆవిడ నమ్మకం. అన్న కాదనకుండా తిరిగేవాడు. అది చూస్తే నాకు ఇంకా భయమేసేది. మామూలుగా అయితే నూనె వద్దని ఇల్లెగిరేలా అరిచే మనిషి మా అన్న.

ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో ప్రోగ్రాము. పొద్దున అక్కడ పెళ్లయింది, సాయంత్రం వీళ్లది. వేదిక మీద వాడిన బంతిపూలు, వెనక థర్మాకోల్ అక్షరాల్లో పెళ్లికొడుకు పేరు సగం ఊడి వేలాడుతోంది. సరిగ్గా పెళ్లిపీటలు వేసిన చోటే డ్రమ్ములు సర్దారు.

"పెళ్లికొడుకుగారూ, త్వరగా కూర్చోండి! ముహూర్తం దాటిపోతోంది," అన్నాడు గిటారు స్నేహితుడు.

అన్న మామూలుగా అయితే దానికి పదింతలు జవాబిచ్చేవాడు. ఊరికే నవ్వాడు. ఆ నవ్వు ఎదుటివాడి పెదాలు కదలడం చూసి నవ్విన నవ్వు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు.

"చెల్లె, ఇయ్యాల ఎనక కూసోకు. ముంగట, నాకు కనిపించేటట్టు కూసో. భజనల తాళం ఏస్తవ్ గద, గట్లనే మోకాలి మీద ఎయ్యి. నేను చూస్కుంట వాయిస్త."

"ఎందుకన్నా?"

"గిటార్ సక్కగ ఇనవడ్తలేదు. బాక్సులు మంచిగ లెవ్వు."

బాక్సులు బాగానే ఉన్నాయి. చెవుల్లో పత్తి పెట్టుకున్న నాకే గిటారు స్పష్టంగా వినపడుతోంది.

ఎదురుగా కూర్చుని తాళం వేశాను. అన్న చూపు నా అరచేతి మీద. పాట తర్వాత పాట గట్టెక్కుతుంటే మనసులో ఒక్కోదానికీ దణ్ణం పెట్టుకున్నాను. చివరిది మా ఇద్దరికీ ఇష్టమైన పాట, అదే, గిటారు ఒక్కటే నడిచి నడిచి డ్రమ్ములు వచ్చి మీద పడేది. సగంలో అన్న కళ్లు మూసుకున్నాడు. ఇష్టమైన చోట అలాగే మూసుకుంటాడు. నా చెయ్యి ఇక తనకు కనిపించదు.

పాట అయిపోయింది. గిటారు ఆగింది. పాడే అబ్బాయి మైకు నుంచి వెనక్కి జరిగాడు. నా చెయ్యి మోకాలి మీద ఆగిపోయింది.

డ్రమ్ములు మోగుతూనే ఉన్నాయి.

జనం అది ప్రత్యేకంగా వాయిస్తున్నాడనుకున్నారు. ఈలలు, కేకలు. స్నేహితుడు కూడా మొదట అలాగే అనుకుని పళ్లికిలించాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను లేచి నిలబడి చెయ్యెత్తి ఉన్నాను, ఎవరినో ఆపమన్నట్టు. అతని ముఖంలో నవ్వు చచ్చిపోయింది. అన్న మూసిన కళ్లతో, చెమటతో, ఎవరూ పాడని పాటకు దరువు తప్పకుండా వాయిస్తున్నాడు. అంత చక్కగా తను ఎప్పుడూ వాయించలేదు. స్నేహితుడు వెళ్లి భుజం మీద చెయ్యి వేసేదాకా ఆగలేదు.

కిందికి దిగి నా దగ్గరికొచ్చాక, వెనక హాలంతా దద్దరిల్లుతుంటే, అడిగాడు.

"చెల్లె, సప్పట్లు కొడ్తున్రా?"

మర్నాడు దిల్‌సుఖ్‌నగర్‌లో చెవుల డాక్టరు దగ్గరికి పోయాం. నాయిన కూడా వచ్చాడు. డాక్టరు ఇనుప కడ్డీ మోగించి చెవి దగ్గర పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూశాడు. లోపల సన్నని నూగులాంటివి ఉంటాయట. గడ్డి మీద పదేపదే నడిస్తే ఏమవుతుందో అదే అయింది, కుడివైపు మొత్తం పడుకుంది, ఇక లేవదు అన్నాడు. ఎడమవైపు కొంత మిగిలింది, దాన్ని కాపాడుకోమన్నాడు. నేను పత్తి సంగతి చెబితే నవ్వాడు. "పత్తి దేన్నీ ఆపదమ్మా. నువ్వు బాక్సుల వెనక కూర్చున్నావు, అదీ సంగతి." అయినా అమ్మ చేతి పత్తికే నేను దణ్ణం పెట్టుకుంటాను. బాక్సుల వెనక కూర్చోమన్నదీ అమ్మే.

నాయిన మెట్లు దిగుతూ అన్న భుజం పట్టుకున్నాడు. మళ్లీ ఎప్పుడూ వెనక నుంచి పిలవలేదు. ముందుకొచ్చి, ముఖం చూపించి మాట్లాడేవాడు.

అన్న డ్రమ్ములు మానేశాడు. బ్యాటరీల దుకాణం పెట్టుకున్నాడు. మిగిలిన ఆ ఎడమ చెవికి వినికిడి మిషను పెట్టుకుని ఇన్నేళ్లు నెట్టుకొచ్చాడు. అమ్మ పోయేముందు సన్నగా పిలిచిన పిలుపు ఆ చెవితోనే విన్నాడు. దేవుడు అంత మిగిల్చాడు, ఇంకేం అడగను అనుకునేదాన్ని.

మొన్న శనివారం అన్నం తిన్నాక చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. వచ్చే ఆదివారం సాయంత్రం నాదర్‌గుల్‌లో, చిన్న విమానాలు దిగే చోటుకు దగ్గర్లో, ఎవరిదో తోటలో బ్యాండు పాతవాళ్లంతా కలుస్తున్నారట. గిటారు స్నేహితుడే అంతా చూస్తున్నాడు. బాక్సులు, స్టేజీ అన్నీ ఉంటాయట. అన్నను ఆనాటి చివరి పాట ఒక్కదానికి కూర్చోమన్నారు. ఇందాక వేళ్లతో వేసిన దరువు దానిదే.

"డాక్టర్ ఏమన్నడు?" అన్నాను, ముఖం చూపిస్తూ.

"పెద్ద సప్పుడు కాడికి పోతె ఉన్నది గూడ పోతదన్నడు. పోకున్నా ఎన్నొద్దులు ఉంటదో చెప్పలేనన్నడు."

"మరి ఎట్ల పోతవ్?"

దేవుడి గూట్లో గంట వైపు చూసి, మళ్లీ నా వైపు తిరిగాడు.

"నువ్వు గంట మర్చిపోయేదానివి కాదే. కొట్టినవ్ గదా?"

తలూపాను.

"ఎన్నిసార్లు?"

రెండు వేళ్లు చూపించాను.

"గదే మరి. పోయేది పోతనే ఉన్నది. ఇంత మిగిలున్నప్పుడే ఒక్క పాట."

"ఉన్నది గూడ గా ఒక్క పాటకే పోతె?"

"పోతె గంట నా చేతికియ్యి. పట్టుకోని కొడ్త, అదురుతది గద," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నవ్వు ఆపి అన్నాడు, "ముంగట కూసో చెల్లె. పాట అయిపోంగనే చెయ్యెత్తు. ఈసారి కండ్లు ముయ్య."

ఎత్తుతానన్నాను. ఏడుపు దాచుకోవడానికి దేవుడి గూటి వైపు తిరిగితే, తను వద్దని నా గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకున్నాడు. నా పెదాలు కనిపించకపోతే తనకు నేను లేనట్టే.

ఈ వారమంతా దీపం వత్తులు చేసుకుంటూ ఫోన్లో ఆ పాట పెట్టుకుంటున్నాను. ఎక్కడ అయిపోతుందో సరిగ్గా పట్టుకుని చెయ్యెత్తాలి. తప్పితే అన్న అంతమంది మధ్య మళ్లీ ఒంటరిగా వాయిస్తూ ఉండిపోతాడు. రికార్డులో ఆ పాట ఒక్కసారిగా ఆగదు, చివర్లో గిటారు సన్నబడుతుంది, ఇంకా సన్నబడుతుంది. వత్తి పక్కన పెట్టి, ఫోను చెవికి ఆనించుకుని వింటున్నాను. ఎన్నిసార్లు విన్నా, అది ఎక్కడ ఆగిందో నాకు తెలియడం లేదు.