చప్పుడు చేయని సంచి

సూళ్లూరుపేట స్టేషన్ దగ్గర సంచులు కుట్టే ఆ అక్క పేరు నేనెప్పుడూ అడగలేదు. పాత కెమెరా కొనేసరికే నా చేయి ఖాళీ అయింది. పులికాట్ సరస్సుకు వచ్చిన ఫ్లెమింగోలు వెళ్లిపోయేలోగా వాటిని ఫోటో తీయాలని, కెమెరాకు చవకలో ఒక బ్యాగు కావాలని ఆమె దగ్గరికెళ్లి చెప్పాను.

ఆమె కెమెరా వైపు చూడనేలేదు. వేలాడుతున్న బ్యాగులు ఒక్కొక్కటే దించి, చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని జిప్పు లాగేది. లాగిన ప్రతిసారీ నవ్వి, "ఎగిరిపోయినాయన్నా" అనేది. అంటించే పట్టీ ఉన్న బ్యాగొకటి పర్రుమనగానే, "సరస్సంతా ఖాళీ!" అంది.

"నీకెట్టా తెలుసక్కా?"

"మా నాయన పడవలో పెరిగినాన్లే. దగ్గినా తిట్టేవోడు, చేపలు చెదిరిపోతాయని."

చివరికి పిల్లలు బడికి అన్నం తీసుకెళ్లే సంచి ఒకటి తీసింది. లోపల మెత్తగా స్పాంజి ఉంది. దాని జిప్పు ఊడదీసి, పాత చొక్కా గుండీలు రెండు కుట్టి ఇచ్చింది.

మర్నాడు పొద్దున పొగమంచులో నీళ్లెక్కడో ఆకాశమెక్కడో తెలియలేదు. దూరాన గులాబీ రంగు పొగలా కనిపించినవి, బురదలో నడిచి దగ్గరికెళ్లేకొద్దీ పక్షులయ్యాయి. ఊపిరి బిగబట్టి గుండీలు తీశాను.

వారం తర్వాత ఆమెకు ఫోటో చూపించాను. అందరూ మెచ్చుకున్న ఆ రంగులను ఆమె పట్టించుకోలేదు. నీళ్లలో ముక్కులు ముంచి మేస్తున్న ఒక్కో పక్షి మీదా వేలు పెట్టుకుంటూ పోయింది.

"ఒక్కటి కూడా తలెత్తలేదు చూడన్నా" అంది చాలా మెల్లగా, అవి ఇంకా అక్కడే ఉన్నట్టు.