నరసమ్మత్త చూసిన మాటలు

గ్రంథాలయానికి కొత్త పుస్తకాలు వచ్చిన సంగతి ముందుగా నా ముక్కుకే తెలుస్తుంది. రిక్షాలోంచి దించిన కట్టను వెనక గదిలో పెట్టించి, గోనె మీద కుట్టు దారాన్ని బ్లేడుతో కోస్తాను. గోనె విప్పగానే కిరసనాయిలును, ఎండుగడ్డిని కలిపినట్టుండే ఒక వాసన గదంతా పరుచుకుంటుంది. గోగునార మెత్తబడడానికి మిల్లులో ఏదో నూనె పట్టిస్తారట. ఆ నూనె వాసన గోనె చిరిగిపోయేదాకా దాన్ని వదలదు. తోటి ఉద్యోగులు ముక్కు మూసుకుని కిటికీ తెరుస్తారు. నేను మాత్రం కాసేపు అక్కడే నిలబడతాను. నాకది పుస్తకాల వాసన కాదు, మా నరసమ్మత్త వాసన. ఆమె చీర కొంగులో, జుట్టులో, ఆదివారం మాకోసం తెచ్చే జంతికల పొట్లంలో కూడా ఆ వాసనే ఉండేది.

నరసమ్మత్త మా నాన్నకు అప్ప, అంటే అక్క. నాన్న కంటే పన్నెండేళ్ళు పెద్దది. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే, తల్లిలేని తమ్ముడిని చంకనెత్తుకుని భీమిలి వైపు వెళ్ళి గోనెల మిల్లులో చేరింది. నూలు చుట్టే పని. ఆ పనితోనే తమ్ముడిని చదివించింది. నాన్న పోర్టులో ఫిట్టరు అయ్యాక మేము మల్కాపురంలో కాపురమున్నా, ఆమె మిల్లు పక్కనున్న ఒంటి గది వదిలి రాలేదు. ఆదివారాలు మాత్రం రెండు బస్సులు మారి వచ్చేది. వీధి మొదట్లో ఉండగానే ఆమె గొంతు మా ఇంట్లోకి వినిపించేది. మిల్లువాళ్ళంతా అలాగే అరుస్తారని అమ్మ అనేది.

నాకు ఆమె అంటే మొదట్లో భయం. నేను ఎవరితోనూ మాట్లాడని పిల్లను. ఎవరైనా పేరడిగితే కాలి బొటనవేలు చూస్తూ గొణిగేదాన్ని. నాన్న తెచ్చిచ్చిన పాత ఏడాది డైరీలో తేదీలు కొట్టేసి రాసుకోవడం ఒక్కటే నా మాట్లాడడం. అత్తకు ఇది అస్సలు నచ్చేది కాదు. గెడ్డం కింద వేలు పెట్టి పైకెత్తేది.

"ఏటే గుంటా, నేలతో మాటాడతన్నావేటి? నేలకి నోరుంటే అదే జవాబు సెప్పీసును. మొకమెత్తి సెప్పు."

ఒక్క నన్నే కాదు, నాన్నను కూడా వదిలేది కాదు. నాన్న మీసం పై పెదవి దాటి కిందికి దిగేది. "ఆ మీసం కత్తిరించుకోరా. నూతి మీద నాచులాగుంది," అని వచ్చినప్పుడల్లా పోరేది. నాన్న నవ్వి మీసం దువ్వుకునేవాడు. మా ఇంట్లో ఆమె ఎప్పుడూ గోడకు ఆనుకుని, అందరి మొహాలూ కనిపించేలా కూర్చునేది. వెనకనుంచి పిలిస్తే పలికేది కాదు. "వదినకి పరధ్యానం," అనేది అమ్మ. ఇవన్నీ ఒకదానికొకటి సంబంధం లేని అలవాట్లని అందరమూ అనుకున్నాం.

నేను తొమ్మిదో తరగతి చదువుతుండగా, చలికాలంలో, అందరం రైల్లో అరకు వెళ్ళాం. అత్త పులిహోర కట్టుకుని వచ్చింది. తెల్లవారుజామున ఎక్కితే, కొండలు మొదలయ్యేసరికి ఎండ కిటికీల్లోకి వచ్చింది. తర్వాత ఒకదాని వెంట ఒకటి సొరంగాలు. ఆ రోజుల్లో పగలు పెట్టెలో దీపాలు వెలిగేవి కావు. సొరంగంలోకి వెళ్ళగానే కంటికి చెయ్యి కనబడేది కాదు. పిల్లలందరూ ఒక్కసారిగా "హో" అని అరిచేవారు. నేను అరవలేదు గానీ, వేళ్ళు మడిచి సొరంగాలు లెక్కపెడుతున్నాను.

ఐదో సొరంగంలోనో, ఆరో సొరంగంలోనో నాన్న చీకట్లో అడిగాడు. "అప్పా, నీళ్ళున్నాయా?"

జవాబు లేదు. మళ్ళీ అడిగాడు. లేదు. వెలుతురు వచ్చాక మూడోసారి అడిగితే, "అడిగితే ఇవ్వనేటి, ఇదిగో," అని మరచెంబు అందించింది. రైలు చప్పుడు కదా అని నాన్న ఊరుకున్నాడు. కానీ నేను ఆమెకు ఎదురుగా కూర్చున్నాను. కిటికీలు తెరిచి ఉంటే సొరంగం బయట మాత్రం రైలు చప్పుడు తక్కువా? తర్వాతి సొరంగం రాగానే, ఆమె వినాలని కాదు, ఊరికే "అత్తా" అన్నాను. పిలుపు విని కాదు, చీకటికి బెదిరినట్టు, నా మోకాలి మీద ఆమె చెయ్యి వచ్చి పడింది. గట్టిగా పట్టుకుంది. వెలుగు వచ్చేదాకా వదల్లేదు. ఆ రాత్రి డైరీలో రాసుకున్న వాక్యం ఇప్పటికీ ఉంది: "సొరంగంలో అత్త చెవులు పనిచెయ్యవు. వెలుతురులో పనిచేస్తాయి."

మర్నాడు పొద్దున్న సత్రం అరుగు మీద నాకు జుట్టు దువ్వుతున్నప్పుడు, ఆమె వైపు తిరిగి చెవుల సంగతి అడిగేశాను. ఆమె దువ్వెన ఆపి, అటూ ఇటూ చూసింది.

"పదేళ్ళయుంటాది. యంత్రాల కాడ ఎవులికీ ఎవులి మాటా ఇనబడదు. పెదాలు సూసే మాటాడుకుంటాం. సెవులెప్పుడు పోనాయో నాకే తెల్దు. మీ నాన్నకి సెప్పకే."

"ఎందుకత్తా?"

"సెప్తే మిల్లు మానిపించి ఇంట్లో కూకోబెడతాడు. మంచోడే. మంచోడు కాబట్టే బయం."

అలా ఆమె రహస్యం నా చేతికొచ్చింది. దానితోపాటు ఒక విద్య కూడా వచ్చింది. గొంతు లేకుండా మాట్లాడడం. పెదవులు నిండుగా కదపాలి, తొందరపడకూడదు, మొహం వెలుతురు వైపు ఉండాలి. మాట వినిపించాలనే బెంగ లేకపోయేసరికి నాకు ఎక్కడలేని మాటలూ వచ్చేవి. అమ్మ పొయ్యి దగ్గర, నేను ఈ మూల, అత్త ఆ మూల. చదివిన కథలన్నీ పెదవులతో చెప్పేదాన్ని. అత్త కళ్ళు చికిలించి చూస్తూ చూస్తూ ఒక్కసారిగా గట్టిగా నవ్వేది. "ఏటయింది వదినా?" అని అమ్మ వెనక్కి తిరిగితే, "ఏదో గేపకమొచ్చింది," అనేది.

నెలకో ఆదివారం ఊళ్ళోకి మాటినీకి వెళ్ళేవాళ్ళం. నాన్న మగవాళ్ళ వైపు, మేం ముగ్గురం ఆడవాళ్ళ వైపు. అత్తకు సినిమా పిచ్చి. ఇంకెక్కడా మనుషుల మొహాలు అంత పెద్దవిగా, అంత వెలుతురులో కనబడవు కదా! పక్కనున్నవాళ్ళకు వినబడని గుసగుస కూడా ఆమెకు తెలిసిపోయేది. అరవ సినిమాకు తెలుగు మాటలు అతికించి వేస్తే మాత్రం చిరాకు పడేది. "ఆడి నోరొకటంటంది, కత ఇంకోటవతంది," అని మొదటి పావుగంటలోనే విసుక్కునేది. అప్పుడు నేను తెర వెలుగులోకి మొహం తిప్పి కథ చెప్పాల్సి వచ్చేది. సినిమా అయ్యాక సముద్రం ఒడ్డున మురీ మిక్చరు తింటూ నాన్న కథ మీద తీర్పులిచ్చేవాడు. నాన్న మర్చిపోయిన ముక్కలు అత్త అందించేది.

నేను పదో తరగతిలో ఉండగా వచ్చింది ఆ ఆదివారం. హాస్యం సినిమా. భార్యకు అబద్ధం చెప్పి దొరికిపోయిన ఒక గుమాస్తా తెర మీద చేతులు నలుపుకుంటున్నాడు. ఉన్నట్టుండి శబ్దం పోయింది. బొమ్మ మాత్రం నడుస్తోంది. హాలంతా ఈలలు, బల్లల మీద కాళ్ళ చప్పుళ్ళు. ఆ గోలలో మా వరసలో ఒక్క మనిషి మాత్రం తొడ మీద చరుచుకుని నవ్వుతోంది.

"ఓలమ్మో! అప్ప కొడుకు పెళ్ళికెళ్ళానంటన్నాడే! ఈడికి అప్పే లేదని ఇందాక సెప్పినాడు కదేటి!"

అమ్మ మెల్లగా తల తిప్పి ఆమెను చూసింది. వెనక వరసలో ఒకావిడ, "అప్పా, నీకెలాగినబడతంది? మాకూ సెప్పవా?" అంది. అత్త పలకలేదు. ఆవిడ మళ్ళీ అడిగింది. పలకలేదు. దాచడానికింక ఏమీ మిగలలేదని నాకు అర్థమైంది. మొహం తెర వైపు తిప్పి, పెదవులతో చెప్పాను. "అత్తా, శబ్దం పోయింది. అందరూ నిన్ను అడుగుతున్నారు."

ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత అమ్మను చూసింది. మళ్ళీ తెర వైపు తిరిగి, మిల్లు గొంతుతో గుమాస్తా మాటలూ, భార్య మాటలూ చెప్పడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళ వైపు ఈలలు ఆగిపోయాయి. భార్య చీపురు తీసే చోట మగవాళ్ళ వైపునుంచి కూడా ఎవరో, "కొంచెం గట్టిగా సెప్పండమ్మా," అన్నారు. శబ్దం తిరిగి వచ్చేసరికి కొందరు "అయ్యో" అనడం నేను విన్నాను.

అమ్మ మాత్రం మిగిలిన సినిమా చూడలేదు. బస్సులో నాన్న చెవిలో ఏదో చెప్పింది.

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. అత్త చేటలో బియ్యం ఏరుతోంది. నాన్న గుమ్మంలో వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. అమ్మ పొయ్యి వైపు తిరిగి ఉంది.

"రేపు సెలవెట్టి మిల్లుకెళ్తాను," అన్నాడు నాన్న. "మేస్త్రీతో మాటాడి పని మానిపించెత్తాను. గది కాళీ సేసీడమే. ఇంకిక్కడే ఉంటాది."

"ఒక్కర్తీ వస్తంది, ఎల్తంది," అంది అమ్మ. "ఉక్కు ఫేక్టరీ లారీలు తెగ తిరుగుతన్నాయి. ఎనకనించి హారను కొడితే ఏటవుద్ది?"

ఇద్దరి గొంతుల్లోనూ ప్రేమే ఉంది. అందుకే నాకు భయమేసింది. అత్త ఒక వీపునుంచి ఇంకో వీపు వైపు చూస్తోంది. పిడికిట్లో బియ్యం అలాగే ఉన్నాయి. "ఏటంటన్నార్రా?" అంది. ఎవరూ తిరగలేదు. మళ్ళీ, ఈసారి మెల్లగా, "ఏటంటన్నార్రా?" అంది. ఆమె మెల్లగా మాట్లాడడం నేను విన్నది అప్పుడొక్కసారే.

"నాన్నా, ఇటు తిరిగి సెప్పు," అన్నాను. నా కాలి బొటనవేలు చూస్తూనే అన్నట్టున్నాను. నాన్న "ఏటే?" అన్నాడు, తిరగకుండానే.

మొహమెత్తాను. "అత్తకి నీ ఈపు కనిపిస్తంది గాని నీ మాట కనిపించట్లేదు. ఇటు తిరిగి సెప్పు."

నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. నాన్న తిరిగాడు. అమ్మ కూడా తిరిగింది. నాన్న అత్త ఎదురుగా వచ్చి గొంతుక్కూర్చున్నాడు. "అప్పా, మిల్లు..." అని ఆగిపోయాడు. మీసం కదిలింది కానీ దాని కింద పెదవి కనబడలేదు.

"మానీమంటావు. అంతే కదా?" అంది అత్త. "నా మొకం సూసి సెప్పు, మానీత్తాను."

నాన్న చెప్పలేకపోయాడు. చంకలో మోసిన మనిషి మొహంలోకి చూస్తూ అనగలిగే మాట కాదది. అత్త చేట పక్కన పెట్టింది.

"సెవులు పోనాయి గాని కాళ్ళు పోనాయేట్రా? లారీ వస్తే నేల అదురుద్ది. మీకు సెవికి తెలుస్తాది, నాకు కాలికి తెలుస్తాది. మానీడమంటే, అలిసిపోనాక నానే మానీత్తాను. నువ్వు మానిపించకు."

నాన్న, ఒక్కొక్క మాటా విడివిడిగా, "బస్సు కాడికి నానొస్తాను," అన్నాడు.

"రా. సంచీ మోద్దువు గాని," అంది అత్త.

మర్నాడు పొద్దున్న లేచేసరికి నాన్న అద్దం ముందు కత్తెరతో నిలబడి ఉన్నాడు. పై పెదవి తెల్లగా, కొత్తగా బయటపడింది. అమ్మ నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా ఇంట్లో కరెంటు పోతే లాంతరు మధ్యలో పెట్టేవాళ్ళం కాదు. మాట్లాడేవాళ్ళ చేతికి ఇచ్చేవాళ్ళం. అత్త ఇంకో నాలుగేళ్ళు మిల్లుకు వెళ్ళింది. అలిసిపోయాక, తానే చెప్పి, తానే మానేసింది. ఆ తర్వాతే మా ముందు గదిలోకి వచ్చింది. పోయిన ఏడాది, నిద్రలోనే వెళ్ళిపోయింది.

నాకు ఎక్కువగా గుర్తొచ్చేది మాత్రం రెండోసారి అరకు వెళ్ళిన ప్రయాణం. మిల్లు మానేసిన ఏడాది, అదే రైలు, అదే పులిహోర. మొదటి సొరంగం రాగానే పెట్టెంతా చీకటి. పిల్లలు "హో" అన్నారు. అత్త చెయ్యి నా మోకాలి మీదికి వచ్చింది. అప్పుడు చీకట్లో 'టక్' మని చిన్న చప్పుడు. నాన్న సంచీలోంచి టార్చిలైటు తీసి తన మొహం మీద తనే వేసుకున్నాడు. గెడ్డం కిందనుంచి వెలుగు పడి ముక్కు ఇంత పెద్దదై కనిపించింది.

"అప్పా," అన్నాడు, పెదవులు నిండుగా కదుపుతూ, "నీళ్ళున్నాయా?"

"ఓరి నీ మొకం! దెయ్యంలాగున్నావ్ రా, ఆపు!" అని అత్త అరిచిన అరుపుకు పెట్టెలో అందరూ నవ్వారు. నా మోకాలి మీదున్న చెయ్యి వదులైంది. చెంబు అందించింది.

నేను ఇప్పటికీ బిడియస్తురాలినే. నలుగురున్న చోట చివరి కుర్చీ వెతుక్కుంటాను. డైరీ రాయడం మానలేదు. కానీ గ్రంథాలయం బల్ల దగ్గరికి వచ్చి ఎవరైనా ఏదైనా అడిగితే, చేస్తున్న పని ఆపి, మొహమెత్తి, వాళ్ళవైపు పూర్తిగా తిరిగి చెబుతాను. కిటికీకి ఎదురుగా కుర్చీ వేసుకున్నానని, ఎండ మొహం మీద పడుతుందని తోటివాళ్ళు అంటారు. పడనీ. నా మాట కనబడాలి కదా.