తొలి పళ్ళెం ముందు ఆరు పళుదులు

కోవిల్‌పట్టి కాళీశ్వరి ఒక్క కాగితంతో ఒక కడలమిఠాయి కొట్టాన్ని మూడు రోజులు మూయించింది. పోయే రైలును స్టేషన్లో ఇరవై నిమిషాలు నిలబెట్టింది. రెండు తరాలుగా వెంట్రుకవాసి తగ్గని ఒక మీసాన్ని సగానికి కోయించింది. చివరికి యూనివర్సిటీ మొత్తంలో మొదటి మార్కు కొట్టుకొచ్చింది. వీటన్నిటికీ పునాది పడింది 2003 మార్చిలో, పది రోజుల్లోపల. నమ్మనివాళ్ళు నమ్మకపోవచ్చు, కానీ నష్టం వాళ్ళకే.

కాళీశ్వరి పుట్టింది అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళ ఇంట్లో. పన్నెండో తరగతి అయ్యాక కృష్ణసామి గారి కడలమిఠాయి కొట్టంలో పొట్లాలు కట్టే పనికి చేరింది. వేరుశెనగ పప్పు, బెల్లం పాకం, పళ్ళెంలో పోసి చదును చేసి ముక్కలు కోయడం. ఊరంతా ఆ వాసనే. పొద్దంతా పొట్లాలు కడుతూనే పోస్టులో పాఠాలు తెప్పించుకుని బి.కాం. పాసైంది. అక్కడితో ఆగి ఉంటే ఎవరికీ ఏ ఇబ్బందీ లేకపోయేది. ఆగలేదు. ఎం.బి.ఏ.కు కట్టింది.

ఆదివారం ఆదివారం విరుదునగర్‌లో క్లాసులు. పొద్దున్నే ప్యాసింజరెక్కి, సాత్తూరు దాటి దిగితే, మిరపకాయల మండీ వెనక ఒక మేడ మీద గది. మిరప బస్తాలు దించే కాలంలో ఆ గదిలో తుమ్మకుండా చదువుకున్నవాడు లేడు. రామకృష్ణన్ సారు 'వ్యూహం' అని ఒకసారి తుమ్మి, 'విధానం' అని రెండుసార్లు తుమ్మి, 'పోటీదారుడు' అనేసరికి క్లాసంతా కలిసి తుమ్మేది. ఆ తుమ్ములకు కిందనున్న పావురాలు మదురై దాకా లేచిపోయేవి. కాళీశ్వరితో పాటు చేరి మూడో ఆదివారానికే బయటపడిన తెలివైనవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ పేర్లు ఇక్కడ అనవసరం, గొప్పలు వాళ్ళకు గిట్టవు.

మూడేళ్ళ ఆదివారాలు అలా తుమ్ముల్లో గడిచాక ఒకే ఒక్క పేపరు మిగిలింది. బిజినెస్ పాలసీ, స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్. దానికి పరీక్షతో పాటు ఒక రిపోర్టు రాయాలి. ఏదో ఒక సంస్థను తీసుకుని దాని బలాలేమిటి, బలహీనతలేమిటి, అవకాశాలేమిటి, ప్రమాదాలేమిటి, ముందుకెలా పోవాలి అని రాసి, ఆ సంస్థ యజమాని చేత ముద్ర వేయించి ఇవ్వాలి. మార్చి ఆఖరి ఆదివారం ఇవ్వకపోతే కథ ముగిసినట్టే. పాత సిలబస్సు ఆ ఏటితో రద్దు, మూడేళ్ళ ఆదివారాలూ గాల్లో కలిసినట్టే.

కాళీశ్వరి రాసింది, ఇంకెక్కడి సంస్థ? తాను పనిచేసే కొట్టం గురించే రాసింది. అక్కడే ఒక తప్పు చేసింది. కృష్ణసామి చేతికి కొత్త కాగితం ఏదిచ్చినా నాలుగు మూలలా పసుపు రాసి ఇవ్వడం ఆ కొట్టంలో వాడుక. రిపోర్టుకీ రాసింది. పసుపు చూసి కృష్ణసామికి ముచ్చటేసింది. తీసుకెళ్ళి గోడమీది సామి పటం ముందు పెట్టి, కర్పూరం వెలిగించి, పనివాళ్ళందరినీ పిలిచి నిలబెట్టాడు.

"చదువు అమ్మి. మన కొట్టం పేరు యూనివర్సిటీకి పోతా ఉండాది. అందరూ వినండి."

కాళీశ్వరికి బలహీనతల పుట గుర్తొచ్చింది. అయినా మొదలుపెట్టింది. బలాలు చదువుతున్నంతసేపూ కృష్ణసామి మీసం దువ్వుతూనే ఉన్నాడు. అది మామూలు మీసం కాదు. పొట్లం మీద అచ్చువేసే ఆయన ఫొటోలో మిఠాయి కన్నా మీసమే పెద్దది. బయటూరి బస్సుల్లో జనం ఆ పొట్లాన్ని కొని, తల నూనె అనుకుని వాసన చూసిన సందర్భాలున్నాయి.

"బలహీనతలు," అని చదివింది కాళీశ్వరి. "ఒకటి. నిర్ణయాలన్నీ యజమాని ఒక్క తలలోనే ఉన్నాయి. ఆయనకు జ్వరమొస్తే కొట్టానికీ జ్వరమొస్తుంది."

దువ్వే చెయ్యి ఆగిపోయింది.

"చాలు. సామి ముందర కర్పూరం వెలిగించి నా కొట్టానికే పళుదు చదువుతావా?" పళుదు అంటే వాళ్ళ మాటలో లోపం.

"నేను చెప్పలేదు మొదలాళీ. పుస్తకంలో అట్లనే రాయమని ఉండాది," అంది కాళీశ్వరి. మొదలాళి అంటే అక్కడ యజమాని.

"ఆ పుస్తకం రాసినోడు ఒక దినమన్నా పాకం కాసిండాడా?"

"తెలియదు మొదలాళీ."

"తెలియదు కదా. ఆ పుట చింపేసి తే. ఒకటి కాదు, రెండు ముద్రలేస్తా."

ముద్ర లేకుండా పోవడం కన్నా ఇది నయమే అనిపించింది. ఆ పుట తీసేసి, ఆ ఆదివారం రామకృష్ణన్ సారుకు చూపించింది. ఆయన మొత్తం తిరగేసి, మూడుసార్లు తుమ్మి, అరవంలో అన్న మాట ఇది: "ఇది రిపోర్టు కాదమ్మా, పెళ్ళి పత్రిక. పెళ్ళికొడుకులో ఒక్క లోపం లేదంటున్నావు. బలహీనతల పుట లేకుండా ఇస్తే సున్నా వేస్తాను. వచ్చే ఆదివారమే ఆఖరు."

తిరుగు ప్రయాణంలో సాత్తూరు దాకా కాళీశ్వరి ఏడ్చిందని కొందరంటారు. ఏడవలేదు. సాత్తూరులో ఒక కీరదోసకాయ కొనుక్కుని, అది తింటూ ఆలోచించింది. పళుదు చెబితే మొదలాళికి కోపం. మరి ఆ కొట్టంలో రోజూ పొద్దున పళుదు చెప్పేవాళ్ళు లేరా? ఉన్నారు. ఒకే ఒక్క మనిషి ఉంది. పాండియమ్మాళ్ అవ్వ.

ఆ కొట్టంలో కృష్ణసామి తండ్రి కాలం నుంచీ ఒక కట్టుబాటు ఉంది. రోజూ తొలి పళ్ళెం కొయ్యగానే, అందరికన్నా పాత పనిమనిషి ఒక ముక్క కొరికి అందులోని పళుదు గట్టిగా చెప్పాలి. ఆమె చెబుతున్నంతసేపూ ఎవరూ, మొదలాళితో సహా, నోరు తెరవకూడదు. చెప్పాక మొదలాళి "సరి" అనాలి. ఆయన "సరి" అనేదాకా రెండో పాకం పొయ్యి మీదికి ఎక్కదు. పాండియమ్మాళ్‌కు డెబ్బై ఏళ్ళు. పాకం కుదిరిందో లేదో ఆమె చూసి చెప్పదు, విని చెబుతుంది. ఒక్క చుక్క నీళ్ళలో వేసి, గట్టిపడ్డాక గిన్నె అంచుకు కొడితే 'టక్' అనాలి. ఆ 'టక్'లో ఎన్ని రకాలున్నాయో ఆమె చెవికొక్కదానికే తెలుసు. పక్క వీధిలో ఎవరో పాకం కాస్తుంటే ఇంట్లో కూర్చుని "ఇంగ కొంచెం కాగాల" అన్న చెవి అది.

సోమవారం పొద్దున పొట్లాల గుట్ట వెనక కూర్చోబెట్టి కాళీశ్వరి ఆమెను అడిగింది.

"అవ్వా, ఇది కంఠపాఠం చేయాల."

"ఏమి, సామి పాటనా?"

"మొదలాళి పళుదులు."

"ఎన్ని?"

"ఆరు."

"ఆరేనా? నన్ను అడిగి రాసింటే అరవై చెప్పుదునే."

మూడు రోజులు పట్టింది. అవ్వకు చదువు రాదు గానీ జ్ఞాపకం బండరాయి మీద చెక్కినట్టుండేది. ఐదు పళుదులు ఒక్క పూటలో నేర్చుకుంది. ఆరోదాని దగ్గర ఆగింది.

"ఇది నా మీదనే కదా అమ్మి. పాకం వినే చెవి కొట్టానికి ఒకటే అని. నా చెవిని కూడా పళుదులో చేర్చినావా?"

"చెవి పళుదు కాదవ్వా. ఒకటే ఉండడం పళుదు."

అవ్వ ఒక వక్క నోట్లో వేసుకుంది. తర్వాత, "అది నిజమే. దాన్ని అన్నింటికన్నా గట్టిగా చెప్పుతా," అంది.

గురువారం పొద్దున. తొలి పళ్ళెం కోశారు. అందరూ చుట్టూ నిలబడ్డారు. పాండియమ్మాళ్ ముక్క కొరికింది, నమిలింది, మింగింది.

"మిఠాయిలో పళుదు లేదు," అంది. కృష్ణసామి "సరి" అనబోయాడు. "ఇంగ ఉండాది. నేను ముగించలేదు," అంది అవ్వ. ఆయన నోరు మూసుకున్నాడు. కట్టుబాటు కదా.

"ఒకటి. మొదలాళికి జ్వరమొస్తే కొట్టానికీ జ్వరమే. రెండు. వానకాలంలో మిఠాయికి చెమట పడతాది, కాగితం మాత్రం ఎండకాలందే చుడతాము. మూడు. మీ నాయన ఏ అంగళ్ళకు ఇచ్చినాడో, ఈ పొద్దుకీ ఆ అంగళ్ళకే ఇస్తా ఉండాము. నాలుగు. చిన్న పొట్లం లేదు, బిడ్డలు మన అంగడి ముందర నిలబడి చూసి పోతా ఉండారు. అయిదు." ఇక్కడ అవ్వ గొంతు సవరించుకుంది. "పొట్లం మీద మీసం పెద్దది, మిఠాయి చిన్నది."

ఒకామె పైటకొంగు నోట్లో కుక్కుకుంది. ఇంకొకామె పళ్ళెం కిందకు వంగి ఏదో వెతుకుతున్నట్టు నటించింది. కృష్ణసామి ముఖం బెల్లం రంగు నుంచి మిరపకాయ రంగుకు మారింది. కళ్ళు మాత్రం కాళీశ్వరి మీదే ఉన్నాయి. నోరు తెరవడానికి లేదు.

"ఆరు," అంది అవ్వ. ఈసారి గొంతు తగ్గింది. "పాకం వినే చెవి కొట్టానికి ఒకటే. దానికి డెబ్బై ఏండ్లు. నేను పోయినాక ఎవురు వింటారు మొదలాళీ?"

అప్పుడిక ఎవరూ నవ్వలేదు.

కృష్ణసామి "సరి" అనలేదు. లోపలికి పోయి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన అనేదాకా పొయ్యి వెలగదు. పొయ్యి వెలగలేదు. ఆ రోజు లేదు, మర్నాడు లేదు, ఆ మర్నాడూ లేదు. మూడు రోజులు ఊరు మీద బెల్లం వాసన లేక జనానికి తోవ తెలియలేదు. బస్సులో నిద్రపోతూ వచ్చేవాళ్ళు వాసన పట్టి దిగడం అలవాటు కాబట్టి కోవిల్‌పట్టి దాటి కయత్తారు దాకా వెళ్ళిపోయారు. శనివారం సాయంత్రం ఆయన కాళీశ్వరిని లోపలికి పిలిచాడు.

"ఆరోదానికి మందు ఏమి రాసినావు?"

"అవ్వ పక్కన దినమూ ఇద్దరు కూర్చుని పాకం వినడం నేర్చుకోవాల అని మొదలాళీ."

"ఎవురా ఇద్దరు?"

"ఒకతి నేను. ఇంకొకరిని మీరు చెప్పాల."

కృష్ణసామి తలుపు వైపు చూశాడు. బయట పాండియమ్మాళ్ గోడకానుకుని కునుకు తీస్తోంది.

"నేనే," అన్నాడు. "మా నాయన నన్ను కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు." సొరుగు లాగి ముద్ర తీశాడు. "ఇంగ ఏడోది రాసుకో. మొదలాళికి కోపం ఎక్కువ."

"అది మొదటిదాంట్లోనే వచ్చేసింది మొదలాళీ."

ఆయన ఆమె వైపు చూసి పకపకా నవ్వాడు. చింపించిన పుటను మళ్ళీ చేర్పించి, ఒక్కో పళుదు పక్కన ఒక్కో ముద్ర, మొత్తం ఆరు కొట్టాడు. బయటకొచ్చి "సరి" అన్నాడు. అవ్వ కళ్ళు తెరవకుండానే "పొయ్యి రాజెయ్యండి," అంది.

ఆదివారం పొద్దున కాళీశ్వరి స్టేషన్‌కు పరుగెత్తేసరికి రైలు కదలబోతోంది. చేతిలో పసుపు మూలల రిపోర్టు చూసి గార్డు పచ్చజెండా చంకలో పెట్టుకున్నాడు. డ్రైవరు దిగి, ఆరు పళుదులూ చదివించుకుని, చెయ్యిచ్చి ఎక్కించాడు. ఇరవై నిమిషాలు ఆలస్యమైనా ఒక్క ప్రయాణికుడూ విసుక్కోలేదు, అందరికీ విషయం తెలుసు.

విరుదునగర్‌లో రామకృష్ణన్ సారు పక్కన బయటినుంచి వచ్చిన పరీక్షకుడు ఒకాయన కూర్చున్నాడు. రిపోర్టు చూసి కళ్ళజోడు సర్దుకుని, "ఇవి నువ్వు ఊహించి రాసినవి. యజమాని ఇవన్నీ ఒప్పుకున్నాడని ఆధారమేమిటి?" అన్నాడు. కాళీశ్వరి ఆ పుట తిప్పి ముందు పెట్టింది. ఆరు పళుదులు, ఆరు ముద్రలు, ఆరోదాని పక్కన బెల్లం అంటిన అవ్వ బొటనవేలి గుర్తు కూడా. ఆయన ఆ గుర్తును దగ్గరగా పెట్టుకుని చూశాడు. తుమ్మాడు. రామకృష్ణన్ సారు పెళ్ళి పత్రిక సంగతి గుర్తుచేసుకుని కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు.

ఆ ఏడాదే, యూనివర్సిటీ మొత్తంలో మొదటి మార్కుతో, కాళీశ్వరి పేరు పక్కన ఎం.బి.ఏ. చేరింది. రెండేళ్ళు తిరిగేసరికి కొట్టంలో చిన్న పొట్లం వచ్చింది, వానకాలానికి మందపు కాగితం వచ్చింది, పొట్లం మీది మీసం సగానికి తగ్గింది. పాండియమ్మాళ్ ఇంటిపట్టున కూర్చున్నాక తొలి పళ్ళెం ముందు ముక్క కొరికి పళుదు చెప్పేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఆమె కొరికితే ఆ చప్పుడు విరుదునగర్ దాకా వినిపిస్తుంది.

ఇదంతా రాసి చదివి వినిపిస్తే, కాళీశ్వరి పాకం చుక్క నీళ్ళలో వేస్తూ తలెత్తకుండా అన్నది ఇంతే:

"కొట్టం ఆగింది అర పూట. ముద్ర ఆ దినమే వేసినారు. రైలు సిగ్నల్ పడక నిలిచింది. మీసం ఇంకా అట్లనే ఉండాది, పొట్లం చూడు. నా మార్కు యాబై నాలుగు."